కంపెనీ ఇచ్చిన కౌన్సెలింగ్ నంబరుకి ఫోన్ చేసే ముందు

ఏటా అక్టోబరు మొదటి వారం దాటగానే ఆఫీసు మెయిల్లో ఒక పోస్టరు వచ్చి పడుతుంది. లేత నీలం రంగు, కళ్లు మూసుకుని కూర్చున్న అమ్మాయి బొమ్మ, కింద ఒక టోల్‌ఫ్రీ నంబరు, పక్కనే క్యూఆర్ కోడ్. పదో తారీఖు ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కదా, ఆ సందర్భంగా. ‘మీకూ మీ కుటుంబ సభ్యులకూ ఉచిత ఆన్‌లైన్ కౌన్సెలింగ్. వివరాలు పూర్తిగా గోప్యం’ అని ఉంటుంది. ఎక్కువమంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. కొందరు మాత్రం స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు. ఆ పోస్టర్లు పంపే హెచ్ఆర్ వైపు చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి, దాచుకున్నవాళ్ల మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. లిఫ్టు దగ్గరో క్యాంటీన్ క్యూలోనో గొంతు తగ్గించి అడుగుతారు: “మేడమ్, నేను మాట్లాడితే మా మేనేజర్‌కి తెలిసిపోతుందా?”

తెలియకూడదు. మామూలుగా తెలియదు కూడా. కానీ తెలిసిపోయే సందులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి పోస్టరు చెప్పదు.

ఇవన్నీ చదివి మీరు ఫోన్ చేయడమే మానుకుంటారేమో, అందుకని మంచి సంగతులు ముందు చెబుతాను. రాత్రి తొమ్మిదికి క్యాబ్ ఎక్కి తెల్లారి ఆరింటికి దిగే మనిషికి, క్లినిక్‌లు తెరిచే వేళ నిద్రపోయే వేళ. మాచర్లలోనో ఉట్నూరులోనో బ్యాంకులో పనిచేసే ఆవిడకి మనసు బాగోలేదంటే ఒక రోజు సెలవు పెట్టి పెద్ద ఊరికి బస్సెక్కాలి, ఎందుకెళ్తున్నావని అడిగినవాళ్లకల్లా ఒక అబద్ధం చెప్పాలి. హైదరాబాద్‌లో ఇప్పటికీ ఎవరినైనా వెక్కిరించాలంటే అక్కడి మానసిక ఆసుపత్రిని ఉద్దేశించి ‘ఎర్రగడ్డకి పంపించాలి’ అనేస్తారు. ఆ మాట వింటూ పెరిగినవాడు సైకియాట్రిస్టు బోర్డున్న మెట్లెక్కడానికి ఎంత జంకుతాడో వేరే చెప్పాలా? నిమ్హాన్స్ వాళ్లు 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. సమస్యను బట్టి, అలాంటివాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా ఆ సర్వే తేల్చింది. ఇంత ఖాళీ ఉన్నచోట ఫోన్‌లో దొరికే సాయాన్ని చిన్నచూపు చూడలేం.

ఫలితం విషయానికొస్తే, ఒక మోస్తరు దిగులుకీ ఆందోళనకీ శిక్షణ పొందిన మనిషి తోడుండి ఇంటర్నెట్ ద్వారా నడిపించే చికిత్స, ఎదురెదురుగా కూర్చుని చేసేదానికి దాదాపు సాటిగా పనిచేస్తుందని స్వీడన్‌లాంటి దేశాల్లో ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలు చూపించాయి. భాష సౌకర్యం ఇంకొకటి. ఇంట్లో గొడవ తెలుగులో పడి, దాన్ని కౌన్సెలర్‌కి ఇంగ్లిషులో అప్పజెప్పాల్సి వస్తే సగం సంగతి దారిలోనే రాలిపోతుంది. పుణెలోనో గుర్‌గావ్‌లోనో ఉద్యోగం చేస్తున్నా, తెలుగు వచ్చిన కౌన్సెలర్‌ని వెతుక్కునే వీలు ఇప్పుడుంది. పదేళ్ల కింద ఇంత సులువు కాదు.

మరి చిక్కెక్కడ? క్లినిక్‌కి వెళితే తలుపు, గోడలు, బయట కూర్చున్న మనిషి, బీరువాలో ఫైలు, ఏదైనా జరిగితే పక్క వీధిలో ఆసుపత్రి, అన్నీ అవతలివాళ్ల పూచీ. ఆన్‌లైన్‌లో ఆ పూచీలో సగం చడీచప్పుడు లేకుండా మీ నెత్తిన పడుతుంది. నేను చెప్పదలచుకున్నదంతా దాని గురించే.

కంపెనీ పోస్టరు నుంచే మొదలుపెడదాం. దీన్ని ఈఏపీ అంటారు, ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్. కంపెనీ ఒక బయటి సంస్థతో ఒప్పందం చేసుకుని, తలకింత చొప్పున ఏడాదికి డబ్బు కడుతుంది. మీకు కొన్ని సెషన్లు ఉచితం. కౌన్సెలర్ కంపెనీ ఉద్యోగి కాదు. మీరేం మాట్లాడారన్నది హెచ్ఆర్‌కి రాదు. వచ్చేది ఒక లెక్కల రిపోర్టు: ఈ మూడు నెలల్లో ఎంతమంది ఫోన్ చేశారు, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఏ ఊరి ఆఫీసు, ఏ రకం సమస్య. పేర్లుండవు.

నా బల్ల మీదికి వచ్చిన అలాంటి ఒక రిపోర్టులో ఒక గడి ఇలా ఉంది: ‘విశాఖ, స్త్రీ, 30–40, వైవాహిక సమస్య, 1’. విశాఖ ఆఫీసంతా కలిపి పట్టుమని డజను మంది లేరు. వాళ్లలో ఆ వయసు ఆడవాళ్లు ఇద్దరు, ఒకావిడకి పెళ్లి కాలేదు. ఆ షీటు తెర మీద ఉన్నంతసేపూ మీటింగులో ఎవరూ ఏమీ అనలేదు, గబగబా తర్వాతి షీటుకి వెళ్లిపోయాం. అయినా చూడాల్సినవాళ్లందరూ చూసేశారు. పదిమంది కంటే తక్కువ ఉన్న గడులను విడిగా చూపించొద్దని ఆ తర్వాత ఆ సంస్థకి రాసి పంపాం. నేరం ఎవరిదీ కాదు, దురుద్దేశం ఎవరికీ లేదు. పేరు రాయకపోతే చాలు గోప్యమే అనుకున్నారు, అంతే.

అందుకని మీది చిన్న బ్రాంచి అయితే, ఫోన్ చేసే ముందు ఒక ప్రశ్న అడగండి. హెచ్ఆర్‌ని అడగడానికి మొహమాటమైతే మొదటి కాల్‌లో కౌన్సెలర్‌నే అడగవచ్చు: “మా కంపెనీకి పంపే రిపోర్టులో ఏమేం ఉంటాయి? ఊరూ వయసూ విడివిడిగా ఇస్తారా?” సూటిగా జవాబు రాకపోతే మీ ఊరు పేరు నమోదు చేయొద్దని కోరండి.

ఇంకో తేడా కూడా తెలిసి ఉండాలి. మీ అంతట మీరు ఫోన్ చేయడం వేరు, మేనేజర్ కాగితం మీద పంపించడం వేరు. రెండోదాన్ని ఫార్మల్ రిఫరల్ అంటారు. అందులో మీరు సెషన్‌కి వెళ్లారా లేదా అన్నంతవరకు కంపెనీకి చెప్పడానికి మీ దగ్గర సంతకం తీసుకుంటారు. ఆ కాగితం చదవకుండా సంతకం చేయకండి. ‘హాజరు’ అని ఉండాల్సిన చోట ‘పురోగతి’ అనే మాట ఉంటే కొట్టేయమనండి.

గొడవే కంపెనీతో అయితే? అప్రైజల్‌లో అన్యాయం, పీఐపీలో (పనితీరు మెరుగుపరచుకోవాలనే గడువులో) పెట్టడం, పై అధికారి వేధింపు. ఇలాంటప్పుడు కంపెనీ డబ్బు కట్టే కౌన్సెలర్ దగ్గర ఏడ్చి తేలికపడవచ్చు, తప్పులేదు. కానీ అది మాత్రమే దిక్కు అనుకోవద్దు. ముఖ్యంగా లైంగిక వేధింపు విషయంలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. కౌన్సెలర్‌కి చెప్పడం ఫిర్యాదు కిందకు రాదు. 2013 నాటి చట్టం ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచగలదు. “కౌన్సెలర్ మేడమ్‌కి చెప్పానుగా, వాళ్లే చూసుకుంటారు” అనుకుంటూ కూర్చుంటే ఆ గడువు కాస్తా అయిపోతుంది. మీరు చెప్పింది బయటికి పొక్కకుండా చూడటమే కౌన్సెలర్ పని కాబట్టి ఆవిడ కమిటీకి చెప్పదు.

ఇక రహస్యం ఎక్కువగా బయటపడేది రిపోర్టుల్లో కంటే మన పరికరాల్లో. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఏం తెరిచినా చూసే హక్కు కంపెనీకి ఉంటుందని మీరు చేరిననాడే ఏదో ఒక పాలసీ మీద టిక్కు పెట్టి ఉంటారు. సొంత ఫోను, సొంత డేటా వాడండి, ఆఫీసు వైఫై వద్దు. నమోదుకి ఆఫీసు మెయిల్ తప్పనిసరి అంటే, అర్హత చూసుకోవడానికి ఒకసారి ఇచ్చి, ఆ తర్వాత ఉత్తరప్రత్యుత్తరాలన్నీ సొంత మెయిల్‌కి మార్చమనండి. సెషన్ బుక్ చేయగానే యాప్ ఒక క్యాలెండర్ ఆహ్వానం పంపుతుంది. అది ఆఫీసు క్యాలెండర్లో దిగితే, మీతో మీటింగు పెట్టడానికి ఖాళీ వెతికే ప్రతి మనిషికీ ‘థెరపీ సెషన్, 4 గంటలకి’ అని కనపడవచ్చు. దాన్ని అక్కడ తీసేసి, శీర్షిక లేకుండా ‘ప్రైవేట్’ అని ఒక గంట ఆపుకోండి చాలు. ఇంట్లో దాచాల్సిన పరిస్థితి ఉంటే చెల్లింపు కూడా చూసుకోవాలి. ఉమ్మడి ఖాతా నుంచి యూపీఐ చేస్తే సంస్థ పేరుతో సహా మెసేజ్ అవతలి ఫోనుకీ వెళ్లవచ్చు.

చోటు సంగతి. మాదాపూర్ హాస్టల్లో ముగ్గురుండే గదిలో, అత్తగారింట్లో హాలు పక్క బెడ్‌రూమ్‌లో ఏకాంతం ఎక్కడి నుంచి వస్తుంది? ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాం కదా అనుకుంటారు. అవతలి మాట మీ చెవికే పరిమితం, నిజమే. మీ మాట మాత్రం గోడ దాటుతుంది. చాలామందికి ఇది మొదటి సెషన్ సగం అయ్యాక గాని తట్టదు. అప్పటికి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయి ఉంటుంది. ఆపి ఉన్న కారులో అద్దాలెత్తి మాట్లాడేవాళ్లున్నారు, మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన మాట్లాడేవాళ్లున్నారు. రెండూ మంచి చోట్లే. తలుపు బయట ఒక ఫోన్లో పాటలు పెట్టి వదలడం కూడా పనిచేస్తుంది. ఎవరైనా సడెన్‌గా వస్తే ఏమనాలో ముందే కౌన్సెలర్‌తో అనుకోండి. ‘ఆ ఫైలు రేపు పంపిస్తానండీ’ అన్నారంటే పక్కన మనిషి ఉన్నట్టు, అవతలివాళ్లు కూడా ఆఫీసు మాటల్లోకి మారిపోవాలి. అలవాటున్న కౌన్సెలర్లు మొదట్లోనే అవును, కాదు అని మాత్రం చెబితే సరిపోయేలా అడుగుతారు: “ఇప్పుడు ఒంటరిగానే ఉన్నారా?” అడగలేదంటే వాళ్లకి ఆన్‌లైన్ పని ఇంకా కొత్త అని అర్థం.

ఇంట్లో కొట్టే మనిషి ఉండి, మీ ఫోను ఆ మనిషి చేతుల్లోకి వెళ్లే వీలుంటే మాత్రం ఈ కిటుకులేవీ నమ్ముకోవద్దు. యాప్ కనపడటమే ప్రమాదం. ఆఫీసు మధ్యాహ్నం విరామంలో, నమ్మకమైన సహోద్యోగి ఫోన్ నుంచి మాట్లాడటం మేలు. మహిళా హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది.

సరే, గది కుదిరింది. తెరకి అటువైపు ఉన్నది ఎవరు?

మన దేశంలో ‘కౌన్సెలర్’ అని బోర్డు పెట్టుకోవడానికి ఇంతకాలం అడ్డేమీ లేదు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చేసి ఆ పైన మానసిక వైద్యం చదివిన డాక్టరు, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నంబరు ఉంటుంది. మందులు రాసేదీ, సెలవు కోసం మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చేదీ వీళ్లే. క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆ నంబరు అడిగి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు సరిచూసుకోవచ్చు. వీళ్లిద్దరూ కాక ఎంఏ సైకాలజీ, ఎమ్మెస్సీ సైకాలజీ, ఎంఎస్‌డబ్ల్యూ చేసి కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. ఈఏపీల్లోనూ యాప్‌లలోనూ మీకు తగిలేది ఎక్కువగా వీళ్లే. వీళ్లలో చాలా మంచివాళ్లున్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వీళ్లనీ నమోదు పరిధిలోకి తెచ్చింది. అది పూర్తిగా గాడిలో పడేదాకా విచారించుకోవాల్సింది మీరే. ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, మీ కేసులు చర్చించే సీనియర్ ఎవరైనా ఉన్నారా. ఈ చివరి ప్రశ్న ముఖ్యం. పద్ధతిగా పనిచేసే కౌన్సెలర్ తన పైన ఒక సూపర్‌వైజర్‌ని పెట్టుకుంటారు. అడిగితే చిన్నబుచ్చుకోరు, పైగా సంతోషిస్తారు. వారాంతపు కోర్సు చేసి లైఫ్ కోచ్‌గా, హీలర్‌గా మారినవాళ్లే “మీకు నమ్మకం ముఖ్యం” అంటూ మాట దాటేస్తారు.

ఎందుకింత పట్టింపు అంటే, గోప్యతకి చట్టం ఇచ్చే రక్షణ ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స వివరాలు బయటపెట్టకూడదంటుంది. డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ అదే వర్తిస్తుందని 24వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ బాధ్యత చట్టం గుర్తించిన వృత్తి నిపుణుల మీద, సంస్థల మీద. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన కోచ్ ఆ గీతకి అవతల ఉంటాడు. మీ కథని పేరు మార్చి రేపు రీల్‌గా పెట్టినా ఆయన్ని ఆపేది ఆయన సంస్కారం ఒక్కటే.

చట్టం కిందకు వచ్చేవాళ్లకు కూడా కొన్ని మినహాయింపులున్నాయి. మీ ప్రాణానికో వేరొకరికో ముప్పు ఉందనిపిస్తే, ఆ ముప్పు తప్పించడానికి కావలసినంత మేరకు చెప్పవచ్చు. కోర్టు ఆదేశిస్తే ఇవ్వాలి. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం ఎవరికైనా తప్పనిసరి. ఈ హద్దులను మొదటి సెషన్‌లోనే చెప్పి, మీ అంగీకారం తీసుకుని మొదలుపెట్టే కౌన్సెలర్ పద్ధతైన మనిషి. “మీరేం చెప్పినా సమాధిలోకే” అని ఒట్టేసేవాళ్ల కంటే వీళ్లని నమ్మండి.

నైతికత గురించి మాట్లాడితే కౌన్సెలర్ ఒక్కరే నిలబడరు, వెనక కంపెనీలుంటాయి. అమెరికాలో అన్నిటికంటే పెద్ద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థల్లో ఒకటైన బెటర్‌హెల్ప్, చేరేటప్పుడు జనం నింపిన ప్రశ్నపత్రాల సమాచారాన్ని, మెయిల్ చిరునామాలను ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు ప్రకటనల కోసం అందించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో 78 లక్షల డాలర్లు కట్టడానికి సంస్థ ఒప్పుకుంది. ఫిన్లాండ్‌లో జరిగింది ఇంకా ఘోరం. వాస్టామో అనే సైకోథెరపీ సంస్థ రికార్డులను ఒక హ్యాకర్ కొల్లగొట్టాడు. దాదాపు 33,000 మంది రోగుల వివరాలు. సంస్థ డబ్బివ్వకపోయేసరికి 2020 అక్టోబరులో రోగులకే విడివిడిగా మెయిళ్లు వెళ్లాయి: 24 గంటల్లో 200 యూరోల బిట్‌కాయిన్ పంపకపోతే నువ్వు థెరపిస్టుకి చెప్పుకున్నదంతా నెట్‌లో పెడతాను అని. మరుసటి ఏడాది సంస్థ దివాలా తీసింది. ఎక్కడో చలిదేశం సంగతి మనకెందుకనుకోవద్దు, మన యాప్‌ల సర్వర్లు కూడా అలాంటి సర్వర్లే.

కాబట్టి అడగండి. నోట్సు ఎక్కడ దాస్తారు? ఎన్నాళ్లు? సెషన్ రికార్డు అవుతుందా? ఈమధ్య కొన్ని చోట్ల కౌన్సెలర్ రాసుకునే శ్రమ తప్పించడానికి ఏఐ సాధనం సెషన్ మొత్తం విని సారాంశం రాస్తోంది. మీరు ఒప్పుకోకుండా అది ఆన్ చేయకూడదు. నమోదు ఫారంలో తప్పనిసరి అనే గుర్తు (*) లేని గడులు ఖాళీగా వదిలేయండి. కంపెనీ పేరు, పై అధికారి పేరు, చెల్లెలి పెళ్లి సంబంధం వాళ్ల ఊరు, ఇవేవీ చాట్‌లో టైపు చేయాల్సిన అవసరం లేదు. నోటితో చెప్పండి. అలాగే మీరు కూడా రహస్యంగా రికార్డు చేయకండి. భార్య సెషన్‌ని పక్క గదిలోంచి వినే భర్తలు, “ఆవిడ ఏం చెప్పిందో నాకు కూడా చెప్పండి, డబ్బు కట్టేది నేనే కదా” అని కౌన్సెలర్‌కి మెసేజ్ పెట్టే భర్తలు తక్కువేం లేరు. డబ్బు కట్టినంత మాత్రాన ఆ మాటలు వాళ్లవైపోవు.

స్టార్ల విషయంలో నాకు కొంచెం కోపమే ఉంది. సెషన్ అవగానే యాప్ ‘మీ కౌన్సెలర్‌కి ఎన్ని స్టార్లు’ అని అడుగుతుంది, రెండు మంచి మాటలు రాయమంటుంది. చికిత్సలో ఉన్నవాళ్ల దగ్గర ప్రశంసాపత్రాలు అడగకూడదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళిలో స్పష్టంగా ఉంది. కారణం తేలికే. సాయం కోసం వచ్చిన మనిషి కాదనలేడు. ఇంకో నష్టం కూడా ఉంది. స్టార్లు తగ్గితే కేసులు తగ్గే చోట, ‘మీ తాగుడు గురించి మాట్లాడాలి’ అనే చేదు మాట ఎవరు చెబుతారు? అయిదు స్టార్ల వరస చూసి మనిషిని ఎంచుకోకండి.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన సంగతి. తెర మీద కనపడేది భుజాల పైభాగం. కాళ్లు వణకడం, చొక్కా మాసి ఉండటం, నోట్లో మందు వాసన, నెల తిరక్కముందే సగమైన మనిషి, ఇవి అటువైపు తెలియవు. దిగులు, నిద్రలేమి, ఆఫీసు ఒత్తిడి, ప్రేమ వైఫల్యం, దంపతుల మధ్య మాటపట్టింపులు, వీటికి ఆన్‌లైన్ సరిపోతుంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టుండటం, ఎవరో వెంటాడుతున్నారన్న నమ్మకం, రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసి వణుకుతూ పొంతన లేకుండా మాట్లాడటం, చనిపోవాలన్న ఆలోచన ఒక పద్ధతిగా, ఎప్పుడు ఎలా అన్నదాకా రావడం, ఇలాంటివాటికి మనిషిని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందుల విషయంలోనూ హద్దుంది. 2020 మార్చిలో కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మత్తు పదార్థాల చట్టం కిందకు వచ్చే మందులను ఫోన్ సంప్రదింపుల్లో రాయడాన్ని నిషేధించాయి. ఏవో కొన్నిటికి తర్వాత మినహాయింపులొచ్చినా, ‘నిద్రమాత్రలు వాట్సాప్‌లో రాసిస్తాం’ అనేవాళ్ల దగ్గరికి పోకండి.

మొదటి సెషన్‌లో మీ చిరునామా, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు అడుగుతారు. చాలామంది ఇక్కడ తప్పుడు వివరాలు ఇస్తారు, దొరికిపోతామన్న భయంతో. మీరలా చేయకండి. బెంగళూరులో కూర్చున్న కౌన్సెలర్‌కి మీరు కూకట్‌పల్లిలో ఏ ఇంట్లో ఉన్నారో తెలియకపోతే, ప్రాణం మీదికొచ్చిన రాత్రి ఆవిడ చేయగలిగిందేమీ ఉండదు. ఆ నంబరు నాన్నదే అయి ఉండాలని లేదు. హాస్టల్ స్నేహితురాలిది ఇవ్వండి, ఆ అమ్మాయికి ముందే చెప్పండి. ఎలాంటి పరిస్థితిలో ఆ నంబరుకి చేస్తారో కూడా కౌన్సెలర్ నోట చెప్పించుకోండి. కాల్ మధ్యలో తెగితే ఎవరు తిరిగి చేయాలి, ఎన్ని నిమిషాలు చూడాలి అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఏడుపు మధ్యలో నెట్‌వర్క్ పోయి, కౌన్సెలరే కట్ చేశాడనుకుని మళ్లీ ఫోన్ ఎత్తనివాళ్లున్నారు.

కంపెనీ నంబరు మీద నమ్మకం కుదరకపోతే, అసలు అలాంటి వసతే లేని ఉద్యోగమైతే, ప్రభుత్వానిది టెలిమానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416 కొడితే చాలు, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. దుకాణంలో పనిచేసేవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, సెక్యూరిటీ గార్డులు, ఏ పోస్టరూ అందని ఇలాంటివాళ్లకి ఈ నంబరు చెప్పండి. వారం వారం అదే మనిషితో లోతుగా సాగే చికిత్స ఇక్కడ ఆశించడం కష్టం. ఒక గడ్డు రాత్రి గట్టెక్కడానికి, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి మాత్రం చాలా మంచి దారి.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. అమెరికాలో కౌన్సెలింగ్ లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది, మీరు కూర్చున్న రాష్ట్రంలో అవతలివాళ్లకి అనుమతి ఉండాలి. న్యూజెర్సీ నుంచి హైదరాబాద్ కౌన్సెలర్‌తో తెలుగులో మాట్లాడితే మనసు తేలికపడవచ్చు. కానీ ఇన్సూరెన్స్ రాదు, ఏదైనా తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి చోటుండదు, ప్రాణం మీదికొస్తే ఇక్కడి నుంచి ఆవిడ అక్కడ అంబులెన్సు పిలవలేదు. అక్కడి 988 నంబరు ఫోన్లో ఉంచుకోండి. దుబాయ్‌లో ఉన్నవాళ్లు వాట్సాప్ కాల్స్ మీద ఆధారపడలేరు, అక్కడ అనుమతి ఉన్న యాప్ ఏదో ముందే కుదుర్చుకోవాలి.

మనిషి కాకుండా చాట్‌బాట్‌తో మాట్లాడేవాళ్లు ఇప్పుడు చాలామంది. రాత్రి రెండింటికి నిద్రపట్టక నాలుగు మాటలు టైపు చేసుకుంటే అడ్డు చెప్పను. కానీ అది మీకు నచ్చేదే చెప్పే రకం, దానికి లైసెన్సు లేదు, వృత్తి నియమావళి లేదు, దాని మీద ఎవరికీ ఫిర్యాదు చేయలేరు. మందులు మానేయాలా, విడాకులు తీసుకోవాలా, రాజీనామా పెట్టాలా అన్న ప్రశ్నలు దాన్ని అడగొద్దు.

మేనేజర్లకి కూడా చెప్పాల్సింది ఉంది, ఈ వ్యాసం వాళ్లూ చదువుతారు కదా. మీ టీమ్ మనిషి నాలుగింటికి గంటసేపు ఉండనంటే కారణం అడగకండి. కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చారని తెలిస్తే “ఎలా జరిగింది, ఏమన్నారు?” అని ప్రేమగానైనా అడగకండి, జవాబు చెప్పక తప్పని స్థితిలో వాళ్లున్నారు. అప్రైజల్ చర్చలో ఆ ప్రస్తావన అసలు రాకూడదు. పని బాగా చేయని మనిషికి హెచ్చరికగా కౌన్సెలింగ్ నంబరు చేతిలో పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఆ తర్వాత ఆ ఫ్లోర్‌లో ఎవరూ ఆ నంబరుకి చేయరు. ఒకే టీమ్ నుంచి నలుగురైదుగురు పని ఒత్తిడి అని ఫోన్ చేస్తున్నారంటే మీరు మార్చాల్సింది రోస్టరు. పన్నెండు గంటల షిఫ్టుకి మందు కౌన్సెలర్ దగ్గర లేదు. ఈ మాట బోర్డు మీటింగుల్లో అనడానికి నాకు చాలా కాలం పట్టింది, అన్నాక కూడా ఎవరూ పెద్దగా పలకలేదనుకోండి.

చివరగా, కుదరకపోతే మారడం గురించి. రెండు మూడు సెషన్లయినా మనసు విప్పలేకపోతున్నారంటే అది మీ లోపం కానక్కర్లేదు. “నాకు వేరే ఎవరినైనా చూపించండి” అని అడగవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. అసభ్యంగా మాట్లాడటం, సెషన్ బయట స్నేహానికి, వ్యాపారానికి, ప్రార్థనలకి లాగడం, ఇంకో ప్యాకేజీ కొనమని ఒత్తిడి చేయడం జరిగితే వెంటనే ఆపేసి ఫిర్యాదు చేయండి. డాక్టరైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి, క్లినికల్ సైకాలజిస్టయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌కి, డబ్బు తగాదా అయితే వినియోగదారుల కమిషన్‌కి. ఆపేటప్పుడు మీ రికార్డు కాపీ అడిగి తీసుకోండి, 2017 చట్టం ఆ హక్కు ఇచ్చింది. తర్వాతి డాక్టరుకి మొదటి నుంచి చెప్పుకునే పని తప్పుతుంది. ఆ పైన ఖాతా తొలగించమని మెయిల్ పెట్టండి, ఫోన్లోంచి యాప్ తీసేస్తే వాళ్ల సర్వర్లో ఉన్నది పోదు. నెలసరి ప్లాన్ తీసుకుని ఉంటే యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే కూడా విడిగా రద్దు చేయాలి, లేకపోతే వచ్చే నెల మళ్లీ డబ్బు కట్ అవుతుంది.